పిల్లల ఆరోగ్య బీమా

పిల్లల ఆరోగ్య బీమా అంటే పద్దెనిమిదేళ్లలోపు వారికి, కొన్ని పథకాల్లో పాతికేళ్ల వరకు తల్లిదండ్రుల మీద ఆధారపడి బతికేవారికి, ఆసుపత్రి ఖర్చు భరించే ఏర్పాటు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇది మూడు దారుల్లో దొరుకుతుంది. ప్రభుత్వ పథకం ఒకటి, అమ్మానాన్నల ఉద్యోగంతో వచ్చే సౌకర్యం ఇంకొకటి, డబ్బు కట్టి కొనుక్కునే పాలసీ మూడోది. దారి ఏదైనా పిల్లల పేరు మీద విడిగా బీమా ఉండటం అరుదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు. అందుకని బిడ్డ పేరు మామూలుగా ఎవరో ఒక పెద్దవారి కాగితంలోనే ఉంటుంది. అది రేషన్ కార్డు కావచ్చు, నాన్న పనిచేసే కంపెనీ జాబితా కావచ్చు, అమ్మ ఈఎస్ఐ నంబరు కావచ్చు. ఆ పెద్దవారికి ఉద్యోగం పోయినా, కార్డు రద్దయినా, బిడ్డకు వయసు దాటినా రక్షణ పోతుంది. ఈ రంగంలో పథకాల కొరత కన్నా ఒక పథకానికీ ఇంకోదానికీ మధ్య మిగిలే సందులే కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీస్తున్నాయి.

ఆరోగ్యశ్రీ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదల వైద్యానికి ముఖ్యమంత్రి సహాయ నిధే చాలాకాలం దిక్కుగా ఉండేది. దరఖాస్తు, సిఫారసు లేఖ, హైదరాబాదు ప్రయాణం అన్నీ అయ్యాక డబ్బు వచ్చేది, ఒక్కోసారి రాకపోయేది. పుట్టుకతో గుండెలో రంధ్రాలున్న పిల్లల తల్లిదండ్రులు ఆ వరుసలో పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఆరోగ్యశ్రీ రాకముందే చిన్నపిల్లల గుండె ఆపరేషన్లకు ప్రభుత్వం నేరుగా డబ్బు కట్టే పద్ధతి మొదలైంది. తర్వాత వచ్చిన పెద్ద పథకానికి అది ముందడుగు అయింది.

వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతటా విస్తరించింది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవి చాలకపోతే మరో 50 వేలు వర్తించేవి. మొదట ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడిచింది. 2008 నుంచి కొన్ని చికిత్సలకు ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది. దీనివల్ల కొత్త చికిత్సలను చేర్చాలంటే కంపెనీతో ఒప్పందం తిరగరాసే అవసరం తగ్గింది.

పిల్లల విషయంలో ఈ వెసులుబాటుకు మంచి ఉదాహరణ కాక్లియర్ ఇంప్లాంట్. పుట్టుకతో వినికిడి లేని బిడ్డకు మాట రావాలంటే పరికరాన్ని మాటలు నేర్చే వయసులోనే అమర్చాలి. ఆ తర్వాత నెలల తరబడి వినికిడి, మాట శిక్షణ ఇప్పించాలి. అప్పట్లో కుటుంబ పరిమితి మొత్తం కలిపి 2 లక్షలే అయినా, ఈ ఒక్క చికిత్సకు శిక్షణతో సహా 6.5 లక్షల దాకా ఇచ్చే నిబంధన పెట్టారు. ఆపరేషన్‌తో సరిపెట్టకుండా శిక్షణనూ ప్యాకేజీలో కలపడం ఆ రూపకల్పన చేసినవారి వివేకమనే చెప్పాలి. శిక్షణ లేకపోతే చెవిలో ఎంత ఖరీదైన యంత్రమున్నా బిడ్డకు మాట రాదు. అయితే పరికరాన్ని ఏళ్ల తరబడి కాపాడుకోవాలంటే బ్యాటరీలు, కేబుళ్లు, ప్రాసెసర్ మరమ్మతులు తప్పవు. ఆ ఖర్చు చాలా ఇళ్లలో తర్వాత భారమవుతుంది.

రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. ఎన్టీఆర్ వైద్య సేవ, ఆపై వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం మాత్రం అన్ని కాలాల్లోనూ ఆరోగ్యశ్రీ అనే అంటున్నారు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ పరిమితిని ఏడాదికి 25 లక్షలకు పెంచారు. అదే నెలలో తెలంగాణలో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. తొలి రెండున్నర లక్షలు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు భరించే విధానానికి 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

పరిమితి ఎంత పెరిగినా చికిత్స దొరకడం ఆసుపత్రి మీదే ఆధారపడి ఉంటుంది. ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులకు బకాయిలు పేరుకుపోయి, సేవలు నిలిపేస్తామని వాటి సంఘాలు ప్రకటించడం రెండు రాష్ట్రాల్లోనూ పలుమార్లు జరిగింది. 2025లోనూ జరిగింది. అలాంటి రోజుల్లో హైదరాబాదు నీలోఫర్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల మీద ఒత్తిడి పెరుగుతుంది. పిల్లల గుండె జబ్బులకు తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో తిరుపతిలో ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం రాయలసీమకు, చుట్టుపక్కల జిల్లాలకు పెద్ద ఆసరాగా ఉంది.

కార్డులో బిడ్డ పేరు

పథకం ఆసుపత్రిలో మొదలవుతుందని అనుకుంటాం కానీ, అది మొదలయ్యేది కార్డులో పేరెక్కించే దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డులో బిడ్డను చేర్చడానికి గ్రామ, వార్డు సచివాలయానికి వెళ్లాలి. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు మీసేవలో దరఖాస్తు చేయాలి. జనన ధ్రువపత్రం, బిడ్డ ఆధార్ సిద్ధంగా ఉంచుకోవాలి. అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే తల్లి లేదా తండ్రి ఆధార్‌కు జోడించి ఇచ్చేదాన్ని బాల ఆధార్ అంటారు.

తెలంగాణలో కొత్త రేషన్ కార్డులు, పాత కార్డుల్లో పేర్ల చేర్పు చాలా ఏళ్లపాటు దాదాపు నిలిచిపోయాయి. 2025లో మళ్లీ పెద్ద ఎత్తున మొదలయ్యాయి. ఆ మధ్యకాలంలో పెళ్లయి వేరు కాపురం పెట్టిన జంటలు, వారికి పుట్టిన పిల్లలు చాలామంది ఏ కార్డులోనూ లేకుండా ఉండిపోయారు. బియ్యం రాకపోతే ఇంట్లో వెంటనే తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ వర్తించదన్న సంగతి మాత్రం బిడ్డకు జబ్బు చేసిన రోజే తెలుస్తుంది. అందుకే కాన్పు అయిన నెలలోపే జనన ధ్రువపత్రం తీసుకుని, పేరు చేర్చే అర్జీ పెట్టి, రసీదు దాచుకోవడం మంచిది.

ఆసుపత్రికి వెళ్లాక మొదట కలవాల్సింది డాక్టరును కాదు, ముందు వరండాలో బల్ల వేసుకుని కూర్చునే ఆరోగ్యమిత్రను. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు వైద్యమిత్ర అంటున్నారు. కార్డు సరిచూడటం, పరీక్షల నివేదికలతో ముందస్తు అనుమతి కోసం ట్రస్టుకు పంపించడం వారి పని. బిడ్డ పేరు కార్డులో లేకపోతే ఏ కాగితం తెస్తే అనుమతి వస్తుందో కూడా వారే చెప్పాలి. అత్యవసరమైతే అనుమతి కోసం చికిత్స ఆపకూడదు, ఫోన్ మీదనే అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స ఉందో 104కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

ఆయుష్మాన్ భారత్

కేంద్ర ప్రభుత్వ పథకాల్లో ఆయుష్మాన్ భారత్‌కు ముందున్నది 2008లో మొదలైన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన. దాని కింద కుటుంబానికి ఏడాదికి 30 వేలు, ఇంటికి అయిదుగురికే రక్షణ. భార్యాభర్తలు, ఇద్దరు ముసలివాళ్లు, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంట్లో ఎవరి పేరు తీసేయాలో ఇంటిపెద్ద తేల్చుకోవాల్సి వచ్చేది. 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన్ ఆరోగ్య యోజన పరిమితిని 5 లక్షలకు పెంచింది. పిల్లలున్న ఇళ్లకు అంతకన్నా ముఖ్యమైన మార్పు ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎంతమంది ఉన్నా, ఏ వయసువారైనా అందరూ లెక్కలోకి వస్తారు. ముందునుంచి ఉన్న జబ్బులకూ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. కాబట్టి పుట్టుకతో వచ్చిన లోపం పేరు చెప్పి తిరస్కరించడం ఇందులో కుదరదు. నెలలు నిండని శిశువుల సంరక్షణకు తీవ్రతను బట్టి వేర్వేరు ప్యాకేజీలున్నాయి.

రెండు తెలుగు రాష్ట్రాలూ దీన్ని తమ పథకాలతో కలిపి నడుపుతున్నాయి. తెలంగాణ 2021లో చేరింది. వేరే రాష్ట్రంలో చికిత్స అవసరమైనప్పుడు ఆయుష్మాన్ కార్డు అక్కరకొస్తుంది. కోవిడ్‌తో తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లలకు 2021లో ప్రకటించిన పీఎం కేర్స్ పథకం కింద పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు ఇదే 5 లక్షల రక్షణ కల్పించారు. పెద్దల కాగితంతో పని లేకుండా బిడ్డకే నేరుగా బీమా దక్కిన అరుదైన సందర్భమిది. డెబ్బై ఏళ్లు దాటినవారికి 2024లో విడిగా 5 లక్షలు ఇచ్చిన కేంద్రం, మామూలు పిల్లలకు మాత్రం అలాంటి ప్రత్యేక ఖాతా తెరవలేదు.

ఉద్యోగంతో వచ్చే రక్షణ

నెలకు 21 వేలలోపు జీతమున్న ఉద్యోగుల పిల్లలకు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుంది. జీతంలో ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. చాలా పథకాల్లో లేని గొప్ప సౌలభ్యం దీనిలో ఒకటుంది. జ్వరం, దగ్గు లాంటివాటికి ఈఎస్ఐ డిస్పెన్సరీలోనే చూపించుకుని మందులు తెచ్చుకోవచ్చు. చదువుకుంటున్న పిల్లలకు 21 ఏళ్ల వరకు, తల్లిదండ్రులపై ఆధారపడిన అవివాహిత కుమార్తెకు ఆ తర్వాత కూడా వర్తిస్తుంది. జీతం పెరిగి 21 వేలు దాటితే ఆ కంట్రిబ్యూషన్ కాలం ముగిశాక కుటుంబం బయటికి వెళ్లిపోతుంది. కంపెనీ గ్రూపు పాలసీ ఇవ్వకపోతే జీతం పెరగడమే బిడ్డ బీమా పోవడానికి కారణమవుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్‌లో కొడుక్కి 25 ఏళ్లు నిండేవరకు, లేదా సంపాదన మొదలయ్యేవరకు, లేదా పెళ్లయ్యేవరకు, వీటిలో ఏది ముందైతే అంతవరకు వర్తిస్తుంది. కూతురికి వయసు పరిమితి లేదు. రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య పథకంలోనూ దాదాపు ఇదే తీరు.

సాఫ్ట్‌వేరు, బ్యాంకు, ఫార్మా కంపెనీల్లో పనిచేసేవారికి గ్రూపు పాలసీ ఉంటుంది. చాలా గ్రూపు పాలసీల్లో ప్రసూతి ఖర్చు, పుట్టిన రోజు నుంచే శిశువుకు రక్షణ కలిసే వస్తాయి. అయితే బిడ్డ వివరాలను నిర్ణీత గడువులోగా హెచ్ఆర్‌కు తెలియజేయాలి. ఈ గడువు చాలాచోట్ల 30 రోజులు. పేరు పెట్టలేదని ఆగనక్కర్లేదు, తల్లి పేరుతో ‘బేబీ ఆఫ్’ అని నమోదు చేయించి తర్వాత మార్చుకోవచ్చు. ఉద్యోగం మానేసిన రోజుతో గ్రూపు రక్షణ పోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే హక్కు ఉంది కానీ, రాజీనామా హడావుడిలో దాన్ని అడిగేవారు తక్కువ.

సొంత పాలసీ

మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా కొనేది ఫ్యామిలీ ఫ్లోటర్. ఒకే మొత్తాన్ని ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. ఏజెంట్లు దీన్ని ‘2ఏ+2సీ’ అని చెబుతారు, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అని అర్థం. ప్రీమియం సాధారణంగా ఇంట్లో పెద్ద వయసువారిని బట్టి లెక్కకడతారు కాబట్టి బిడ్డను చేర్చితే పెరిగేది కొద్దిగానే. ఇదే కారణంగా తాతయ్యను, మనవణ్ని ఒకే ఫ్లోటర్‌లో కలపడం దండగ. తాత వయసు వల్ల ప్రీమియం పెరుగుతుంది, ఆయన ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే పిల్లవాడికి మిగిలేది తగ్గుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్ ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు లేదు.

ఫ్లోటర్‌లో పెద్ద సందు బిడ్డ పుట్టిన తొలి మూడు నెలలు. చాలా పాలసీలు 91వ రోజు నుంచే పిల్లలను చేర్చుకుంటాయి. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీల చేతా ఒకే రకంగా ఇప్పించిన ఆరోగ్య సంజీవని పాలసీలో కూడా పిల్లల వయసు మూడు నెలల నుంచి పాతికేళ్ల వరకే. కామెర్లు, ఊపిరి అందకపోవడం, తక్కువ బరువు, ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) ఉంచాల్సి రావడం వంటివి ఎక్కువగా ఎదురయ్యేదీ ఆ మూడు నెలల్లోనే. ప్రసూతి రక్షణ ఉన్న పాలసీ అయితే చాలావరకు మొదటి రోజు నుంచే శిశువుకూ వర్తిస్తుంది. కానీ ఆ ప్రసూతి రక్షణకు కంపెనీని బట్టి తొమ్మిది నెలల నుంచి మూడు, నాలుగేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. అంటే బిడ్డ బీమా గురించి ఆలోచించాల్సిన సమయం పెళ్లయిన ఏడాదే అన్నమాట. గర్భం నిలిచాక వెతికితే దాదాపు ఏదీ దొరకదు.

కొత్త పాలసీకి, ప్రమాదాలు మినహా, తొలి 30 రోజులు ఏదీ వర్తించదు. హెర్నియా, టాన్సిల్స్ లాంటి కొన్ని చికిత్సలకు చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్లు మించకూడదని 2024లో నియమం వచ్చింది, అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. జన్మలోపాలను కంపెనీలు రెండుగా విడదీస్తాయి. గుండెలో రంధ్రం లాంటి లోపలి లోపాలను చాలా పాలసీలు వెయిటింగ్ తర్వాత ఒప్పుకుంటాయి. గ్రహణమొర్రి, వంకర పాదం లాంటి పైకి కనిపించే లోపాలను చాలావరకు మినహాయిస్తాయి. వైద్యపరంగా ఈ విభజనకు బలమైన కారణం ఏమీ కనిపించదు. గ్రహణమొర్రి ఉన్న బిడ్డకు పాలు తాగడం, మాట్లాడటం రెండూ కష్టమే కదా.

దరఖాస్తులో బిడ్డ నెలలు నిండకుండా పుట్టిన సంగతి, ఎన్ఐసీయూలో ఉన్న రోజులు, ఉబ్బసం, మూర్ఛ ఉంటే అవీ రాయాలి. ‘చిన్నప్పటి విషయాలు ఎందుకులెండి’ అని ఏజెంటు అన్నా రాయాలి. క్లెయిమ్ తిరస్కరణకు ఉండే ప్రధాన కారణాల్లో ఆరోగ్య వివరాలు దాచడం ఒకటి. పాలసీ అయిదేళ్లు ఆగకుండా నడిస్తే, మోసం రుజువైతే తప్ప, అలా దాచారని తిరస్కరించడానికి వీల్లేదు.

క్లెయిమ్ నిరాకరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోగా సమాధానం రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు వింటారు.

బీమా చేరని చోట

పిల్లల వైద్య ఖర్చులో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బులది కాదు. జ్వరాలు, కళ్లద్దాలు, పళ్లు, టీకాలు, మాట శిక్షణలే ఎక్కువ. వీటిని చాలా పాలసీలు పట్టించుకోవు. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లవాడికి రోజూ వాడే ఇన్సులిన్, స్ట్రిప్పుల ఖర్చు ఏ పాలసీ నుంచైనా రావడం కష్టం.

ఈ వెలితిని కొంతవరకు పూరించేవి బీమా అని పిలవని కార్యక్రమాలు. సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద ప్రధానమైన టీకాలన్నీ ఉచితం. హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావైరస్ టీకాను ఈ కార్యక్రమంలో 2016లో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాదిలోపు శిశువుల చికిత్స, మందులు, రవాణా జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలల్లో ఒకసారి పిల్లలను పరీక్షిస్తాయి. జన్మలోపాలు, ఎదుగుదల లోపాలు కనిపిస్తే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి, అవసరమైతే శస్త్రచికిత్సకు పంపుతాయి. పాలసీలు మినహాయించే గ్రహణమొర్రి, వంకర పాదం ఈ జాబితాలో ఉన్నాయి. ప్రైవేటు బడుల్లో చదివే పిల్లలు మాత్రం ఈ బృందాల కంటపడటం తక్కువ.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లలకు నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ పథకం ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది. వైద్య పరీక్షలు లేకుండానే చేర్చుకుంటారు, నామమాత్రపు రుసుముతో. ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే థెరపీలకూ డబ్బు ఇవ్వడం దీని ప్రత్యేకత. దీనికి కావాల్సింది వైకల్య ధ్రువపత్రం. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో అది చేతికొచ్చేదాకా తల్లిదండ్రులు పడే తిప్పలు వేరే కథ. అరుదైన వ్యాధులకు 2021 జాతీయ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాల్లో 50 లక్షల వరకు సాయం ఉంది. హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రంగా పనిచేస్తున్నాయి. వెన్నెముక కండర క్షీణత లాంటి వ్యాధులకు వాడే జన్యు చికిత్స ఖరీదు కోట్లలో ఉండటంతో, ఆ పిల్లల కోసం ఇప్పటికీ చందాలే పోగుచేయాల్సి వస్తోంది.

అమెరికాలో తెలుగు కుటుంబాలు

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద అమెరికా వెళ్లినవారి పిల్లలకు కంపెనీ బీమాయే ముఖ్య ఆధారం. బిడ్డ పుట్టిన 30 రోజుల్లోగా కంపెనీ ప్లాన్‌లో చేర్చితే పుట్టిన తేదీ నుంచే వర్తిస్తుంది. గడువు దాటితే చాలాసార్లు ఆ ఏడాది చివర్లో వచ్చే నమోదు కాలం దాకా ఆగాలి. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొనే ప్లాన్‌కు గడువు 60 రోజులు.

ఉద్యోగం పోయిన కుటుంబాలకు పిల్లల వరకు వేరే దారులున్నాయి. తక్కువ ఆదాయం ఉన్నవారికి 1965 నాటి మెడికెయిడ్, దానికి కాస్త పైన ఉన్నవారి పిల్లలకు 1997లో వచ్చిన పిల్లల ఆరోగ్య బీమా పథకం ‘చిప్’. వీటికి నమోదు సీజన్ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు చేయవచ్చు. ఒకసారి అర్హత వస్తే తండ్రి ఆదాయం మధ్యలో పెరిగినా బిడ్డకు 12 నెలలు కొనసాగించాలని 2024 నుంచి అన్ని రాష్ట్రాలకూ నియమం ఉంది. అక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు కాబట్టి తల్లిదండ్రుల వీసాతో సంబంధం లేకుండా అర్హత ఉంటుంది. హెచ్-1బీ వారి కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకూ ఇచ్చే వీలును 2009 చట్టం రాష్ట్రాలకే వదిలింది. అందువల్ల ఒకే ఇంట్లో ఇండియాలో పుట్టిన అక్కకు ఒక నియమం, డాలస్‌లో పుట్టిన తమ్ముడికి ఒక నియమం ఉండవచ్చు.

2010 ఆరోగ్య చట్టం ప్రకారం పిల్లలు 26 ఏళ్లు వచ్చేవరకు తల్లిదండ్రుల ప్లాన్‌లో కొనసాగవచ్చు. హెచ్-4 హోదా మాత్రం 21తోనే ముగుస్తుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారిన పిల్లలు ఆ తర్వాత కూడా నాన్న ప్లాన్‌లోనే ఉండవచ్చు. కానీ చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత బీమా కట్టమంటాయి. ఇంటి ప్లాన్ దానికి సమానమని చూపించి మినహాయింపు కోరే ఫారాన్ని సెమిస్టరు మొదట్లో, చెప్పిన తేదీలోగా ఇవ్వాలి.